మస్టాంగ్ కారుకి కొత్త గాలిగొట్టం, మేం రాసిచ్చిన కాగితం



పోస్టు పెద్దదే, ఓపికుంటే చివరిదాకా చదవండి. ఎండాకాలం సెలవుల్లో ఎర్ర కారు పక్కన నిలబడిన ఫొటో పెట్టాం కదా, దాని కింద చాలామంది "ఎవడి కారురా అది", "మీకెలా దొరికింది" అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు. మేం బాగా చేసినదీ ఉంది, తప్పు చేసినదీ ఉంది. రెండూ రాస్తున్నాం.

మేం అంటే ముగ్గురం. విశాఖపట్నంలో గిరిజన హాస్టల్లో ఒకే రూము. ఒకడిది హుకుంపేట, ఒకడిది పెదబయలు, ఒకడిది చింతపల్లి. మా హాస్టల్లో పేర్లు ఎవడూ పిలవడు, మండలం పేరుతోనే పిలుస్తారు. ముగ్గురం మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అయింది. ముగ్గురిళ్లలోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. ఇది టైపు చేసేది ఒకడే అయినా పక్కన కూచుని "అది కాదురా, ఇలా జరిగింది" అని దిద్దేవాళ్లు ఇద్దరున్నారు. అందుకే మేం అనే రాస్తున్నాం. ఇంకో కారణం కూడా ఉంది, అది మధ్యలో చెబుతాం.

మే నెలలో హాస్టల్ మూసేశారు. ఊరెళ్తే చింతపండు పని అప్పటికే అయిపోయింది, ఉపాధి పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. మాకేమో రెండు కావాలి. ఒకటి, ముగ్గురికీ కలిపి ఒక పాత ల్యాప్‌టాప్. డ్రాయింగు సాఫ్ట్‌వేరు ఫోనులో నడవదు, ల్యాబ్ అయిపోయాక మాకు సిస్టం దొరకదు. రెండోది, ఇంటర్న్‌షిప్ కాగితం. అది లేకపోతే కాలేజీలో మార్కులు పడవు. తెలిసినవాళ్లున్న పిల్లలకి వాళ్ల మావయ్యో, నాన్న స్నేహితుడో ఏదో కంపెనీలో ఆ కాగితం రాయిస్తారు. మాకు కంపెనీలో ఉన్న మావయ్యలు ఎవరున్నారు?

సిటీలో కార్ల షెడ్డులన్నీ తిరిగాం. ఆరో షెడ్డులో ఒకాయన ఒప్పుకున్నాడు. రోజుకి మనిషికి 400, రాత్రి పడుకోడానికి షెడ్డు పైన రేకుల గది, 40 రోజులు పనిచేస్తే కాగితం. పెద్ద పెద్ద కార్లకి రంగులు, చక్రాలు, సైలెన్సర్లు మార్చే షెడ్డు అది. షెడ్డు పేరు, ఆయన పేరు రాయం. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

మొదటి పది రోజులూ కడగడమే. కార్లు కడిగాం, నేల కడిగాం, పార్టులు డీజిల్లో కడిగాం. అక్కడ పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నాడు, ఏడో తరగతి దాకా చదివాడట, ముప్పయ్యేళ్ల అనుభవం. ఇంజిన్ శబ్దం విని ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పేస్తాడు. ఆయన మమ్మల్ని ఏమీ అనేవాడు కాదు, కానీ ఏ పనీ ఇచ్చేవాడు కాదు. కుర్రాళ్లలో ఒకడు మాత్రం రోజూ "కోటా ఇంజినీర్లొచ్చారు, దారివ్వండి" అనేవాడు. నవ్వి ఊరుకున్నాం. నవ్వడం మనకి ఇంటర్‌లోనే అలవాటైపోయింది కదా.

పదకొండో రోజు వచ్చింది ఆ కారు. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 2016లో మన దేశంలో అమ్మకానికి పెట్టిన రకం. 5 లీటర్ల వీ8 ఇంజిన్, ఇంచుమించు 400 హార్స్ పవర్. ఓనరుది రొయ్యల వ్యాపారం. ఆయన బయటి దేశం నుంచి ఒక ఎయిర్ ఇంటేక్ కిట్ తెప్పించుకున్నాడు. కస్టమ్స్‌తో కలిపి దాదాపు లక్ష అయిందన్నాడు. పెట్టె మీద 20 హార్స్ పవర్ పెరుగుతుందని రాసుంది. ఆయనకి కిట్ బిగించడమే కాదు, నిజంగా ఎంత పెరిగిందో కాగితం మీద కావాలి. ఎవరో స్నేహితుడితో పందెంలాంటిది ఉందట.

షెడ్డు ఓనరు మా వైపు చూసి "మీరు ఇంజినీరింగ్ కదా, మీటర్లు గీటర్లు మీరు చూడండి. మేస్త్రి బండి నడుపుతాడు" అన్నాడు. మాకు గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. లక్ష రూపాయల గొట్టం! మా ముగ్గురిళ్ల కాఫీ డబ్బులు కలిపినా అంత రాదు.

ఎయిర్ ఇంటేక్ అంటే తెలియనివాళ్లకి చెబుతాం. మన ఇళ్లలో అమ్మమ్మ పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని ఊదుతుంది కదా. కట్టె అదే, నిప్పు అదే. గాలి తగిలితే మంట లేస్తుంది. ఇంజిన్ కూడా అంతే. పెట్రోలు ఎంతైనా పొయ్యొచ్చు, దానికి సరిపడా గాలి లేకపోతే కాలదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ 5 లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకొకసారి తన నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే 3,000 సార్లు పీల్చినట్టు. అంటే నిమిషానికి 15,000 లీటర్లు. 20 లీటర్ల నీళ్ల టిన్నులతో కొలిస్తే నిమిషానికి 750 టిన్నుల గాలి!

ఆ గాలంతా ఒక డబ్బాలో ఉన్న కాగితం ఫిల్టర్ గుండా వెళ్లి, గొట్టంలోంచి థ్రాటిల్ దాకా పోవాలి. దారిలో ఎక్కడ ఇరుకుగా ఉన్నా ఇంజిన్ బలం పెట్టి పీల్చుకోవాల్సొస్తుంది. బయట అమ్మే కిట్లు రెండు మాటలు చెబుతాయి. ఒకటి, మా గొట్టం వెడల్పు, మా ఫిల్టర్‌లోంచి గాలి సులువుగా పోతుంది. రెండు, చల్లగాలి వస్తుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే లీటరులో ఎక్కువ గాలి పడుతుంది. ఈ రెండో మాట నిజమే. వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలి చిక్కదనం సుమారు 3 శాతం తగ్గుతుంది.

ఇక్కడ మా చింతపల్లివాడు లంబసింగి గురించి ఒక లెక్క వేశాడు. లంబసింగి సముద్రమట్టానికి ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి పదో వంతుకి పైనే తక్కువ. కానీ చలికాలం పొద్దున్న 5 డిగ్రీలుంటే, ఆ చలి వల్ల గాలి చిక్కబడి, చివరికి విశాఖలో 32 డిగ్రీల మధ్యాహ్నం గాలికి దాదాపు సమానంగా వస్తుంది. ఎత్తు లాక్కున్నదాన్ని చలి తిరిగిచ్చేస్తుందన్నమాట. ఆ లెక్క చూసి మేస్త్రి మొదటిసారి మా వైపు సరిగ్గా చూశాడు. "అందుకేనేటి, ఘాట్ ఎక్కితే బండి ఎండాకాలంలోనే ఎక్కువ చచ్చిపోద్ది" అన్నాడు. ఆయనకి అనుభవంలో ఉన్నదే. మేం అంకె ఇచ్చాం అంతే.

పవర్ కొలవడానికి డైనో అని ఒక యంత్రం ఉంటుంది, చక్రాలు రోలర్ల మీద పెట్టి తిప్పుతారు. మా షెడ్డులో లేదు. ఉన్నవాటితోనే కొలవాలి. మా ల్యాబ్ సారు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ఒకసారికి ఒక్కటే మార్చండి, మిగతావన్నీ ముందులాగే ఉంచండి. దాని ప్రకారం మూడు కొలతలు రాసుకున్నాం.

ఒకటి, టైము. కారు ఓనరుకే సిటీ బయట ఒక వెంచర్ ఉంది, ప్లాట్లు ఇంకా అమ్ముడవలేదు, లోపల రోడ్డు తిన్నగా ఉంది, గేటు వేస్తే ఎవరూ రారు. పొద్దున్నే రెండో గేరులో 50 నుంచి 90 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్కానర్‌లో రికార్డు చేయాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, ఎందుకంటే గాలివాటం, రోడ్డు వాలు ఒక వైపు కలిసొస్తే ఇంకో వైపు ఎదురొస్తాయి.

రెండు, లోపలికి పోయే గాలి వేడి. అది కారు సెన్సారే చెబుతుంది.

మూడోది మా పెదబయలువాడి బుర్ర. ఆసుపత్రి మందుల షాపులో సెలైన్ పైపు కొనుక్కొచ్చాడు. దాన్ని యూ ఆకారంలో చెక్కకి కట్టి, పసుపు కలిపిన నీళ్లు పోశాం. ఒక కొస గాల్లోకి వదిలేసి, రెండో కొస ఫిల్టర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టానికి ఉన్న చిన్న పైపుకి టీ పెట్టి కలిపాం. ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడు నీళ్లు ఒక వైపు పైకి లేస్తాయి. ఎన్ని సెంటీమీటర్లు తేడా వస్తే ఫిల్టర్ అంత అడ్డుపడుతోందన్నమాట. కారు ముందుకి ఉరికితే నీళ్లు వెనక్కి ఒరుగుతాయి కాబట్టి చెక్కని కారులో అడ్డంగా పెట్టి, ఫోనుతో వీడియో తీశాం. అందరికీ ఖర్చైంది లక్ష, మాకు ఖర్చైంది సెలైన్ పైపు డబ్బులు.

పాత ఫిల్టర్‌తో వచ్చిన అంకెలివి. టైము ఆరుసార్లలో 2.7 నుంచి 3.0 సెకన్ల మధ్య, సగటు 2.85. బయట 31 డిగ్రీలుంటే కదిలేటప్పుడు లోపలి గాలి 36, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పావుగంట నిలబెడితే 48. నీళ్ల తేడా ఎక్కువలో ఎక్కువ 25 సెంటీమీటర్లు.

ఈ 25 అన్న అంకె దగ్గర మేం ఆ రాత్రి చాలాసేపు కూచున్నాం. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి నీళ్ల లెక్కలో సుమారు 1,033 సెంటీమీటర్లు. అందులో 25 అంటే 2.4 శాతం. అంటే ఫిల్టర్, డబ్బా మొత్తం పీకి పారేసి ఇంజిన్ నోరు తెరిచి పెట్టినా మహా అయితే 2.4 శాతం గాలి పెరుగుతుంది. 400కి అది పదికి దగ్గర. మరి 20 ఎక్కడి నుంచి వస్తుంది? కిట్ బిగించకముందే మాకు జవాబు సగం తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. కొలవకుండా చెబితే అది మాట, కొలిచి చెబితేనే లెక్క అనుకున్నాం.

మర్నాడు బిగించడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీశాం. గాలి కొలిచే సెన్సార్ ప్లగ్గు ఊడదీసి, పక్కనున్న చిన్న పైపు తీసి, గొట్టం రెండు కొసల క్లాంపులు వదులు చేసి, డబ్బాని రబ్బరు బుడిపెల్లోంచి పైకి లాగాం. థ్రాటిల్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాం, చిన్న స్క్రూ ఒకటి అందులో పడిందంటే ఇంజిన్ పోయినట్టే. సెన్సార్‌ని రెండు చిన్న స్క్రూలు తీసి కొత్త గొట్టంలో పెట్టాలి. దాని లోపలి తీగ వెంట్రుకలాంటిది, చెయ్యి తగలకూడదు. ఆ తీగని వేడిగా ఉంచుతారు, గాలి తగిలితే చల్లబడుతుంది, మళ్లీ వేడి చేయడానికి పట్టే కరెంటుని బట్టి ఎంత గాలి పోతోందో కంప్యూటర్ లెక్కకడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సెన్సార్ చూసేది గొట్టంలో ఒక చిన్న చోటు మాత్రమే. గొట్టం వెడల్పు ఇంత అని కంప్యూటర్ ముందే అనుకుని మొత్తం గాలి లెక్కేస్తుంది. ఎవరైనా 80 మిల్లీమీటర్ల గొట్టం తీసి 88 మిల్లీమీటర్లది పెడితే, వెడల్పు పదో వంతే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ గాలి దారి 21 శాతం పెరుగుతుంది. కంప్యూటర్‌కి అది తెలీదు, పెట్రోలు తక్కువ పోస్తుంది. అలాంటి కిట్లకి కంప్యూటర్‌లో లెక్క కూడా మార్పించాలి. మేం వెర్నియర్‌తో రెండు గొట్టాలూ కొలిచాం. సెన్సార్ ఉండే చోట సమానంగానే ఉంది. సరే అనుకున్నాం.

వేడి తగలకుండా రేకు గోడ, దాని అంచుకి రబ్బరు, కొత్త గొట్టం, నూనె పూసిన నూలు ఫిల్టర్, అన్నీ బిగించి స్టార్ట్ చేశాం. సౌండ్ విన్నాక షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. పులి గొంతు సవరించుకున్నట్టుంది. ఆ కోటా ఇంజినీర్లు అనే కుర్రాడు కూడా వీడియో తీసుకున్నాడు.

సాయంత్రం మేస్త్రి ఒక రౌండు తిప్పుకుని వచ్చేసరికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది.

స్కానర్ పెడితే రెండు కోడ్లు: పీ0171, పీ0174. ఇంజిన్ రెండు వైపులా పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువవుతోందని అర్థం. ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు కంప్యూటర్ 20 శాతానికి పైగా అదనంగా పెట్రోలు కలుపుతోంది. ముందురోజు ఈ అంకె 2 ఉండేది.

షెడ్డు ఓనరు ఫోనులో ఉన్నాడు. ఫోను పక్కకి పెట్టి "కోడ్ తీసేసి బండి ఇచ్చేయండి. రెండు మూడు రోజులు దీపం వెలగదు, ఈలోగా డబ్బులు వచ్చేస్తాయి" అన్నాడు. కుర్రాళ్లు తలూపారు. అది వాళ్లకి కొత్త కాదులా ఉంది.

మాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ బండి ఆ స్థితిలో హైవే మీదకెళ్తే ఏమైనా జరగొచ్చు. ఇంజిన్ కొట్టుకోవచ్చు. అదీ కాక తప్పు మాదేనని మా కడుపులో తెలుస్తోంది, ఎక్కడో తెలియదు. "ఒక గంట టైమివ్వండన్నా" అని అడిగాం. ఆయన "గంట తర్వాత నాకేం చెప్పకండి" అని వెళ్లిపోయాడు.

సెన్సార్ దాటాక ఎక్కడో గాలి దొంగదారిలో దూరుతోంది. సెన్సార్ లెక్కలోకి రాని గాలి. కళ్లకి కనిపించదు, ఇంజిన్ చప్పుడులో వినపడదు. అప్పుడు మా హుకుంపేటవాడు షెడ్డులో దేవుడి పటం దగ్గరున్న అగరబత్తి ఒకటి వెలిగించాడు. మంటలార్పే సిలిండరు ఒకడు పట్టుకుని నిలబడ్డాం. పొగని గొట్టం వెంట నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లాం. మన కొండల్లో తేనె తీసేవాళ్లు పొగ ఎటు పోతోందో చూసే గాలివాటం పట్టుకుంటారు కదా, మాకు తట్టింది అదే. థ్రాటిల్ దగ్గరకి రాగానే పొగ తిన్నగా లేవడం మానేసి, వంకరతిరిగి రబ్బరు కింద సందులోకి దూరిపోయింది.

క్లాంపు విప్పి చూశాం. రబ్బరు మూతి అంచు లోపలికి మడత పడి ఉంది. పైనుంచి చూస్తే బాగానే బిగిసినట్టుంది, కిందన చిటికెన వేలు గోరు పట్టేంత సందు. మడత సరిచేసి, కింద వేలు పెట్టి చుట్టూ తడిమి చూసి బిగించాం. అదనంగా కలిపే పెట్రోలు 20 నుంచి 3కి దిగింది.

మేస్త్రి ఇదంతా వెనక నిలబడి చూస్తున్నాడు. "ఆ క్లాంపు ఎవుడు బిగించాడు?" అని అడిగాడు.

ముగ్గురిలో ఒకడు బిగించాడు. ఎవడో మాకు తెలుసు. వాడు నోరు తెరిచేలోగా మిగతా ఇద్దరం, వాడు కూడా, ఒకేసారి "మేమే" అన్నాం. మేస్త్రి ఇంకోసారి అడిగాడు. మళ్లీ "మేమే" అన్నాం. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ మాట మార్చలేదు. ఈ పోస్టు మేం అని రాయడానికి ఇంకో కారణం అన్నాం కదా, ఇదే. మనలో ఒకడు తప్పు చేస్తే వాడి పేరు ఒక్కటే చెప్పరు, "వీళ్లింతే" అంటారు. అలాంటప్పుడు తప్పు ముగ్గురం పంచుకుంటే పోయేదేముంది అనిపించింది. షెడ్డు ఓనరు మాత్రం ముగ్గురికీ రెండేసి రోజుల కూలి కోశాడు. మొత్తం 2,400. ల్యాప్‌టాప్ డబ్బుల్లోంచి అది పోయింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ అదే వెంచర్, అదే టైము, ట్యాంకులో అంతే పెట్రోలు, అదే మేస్త్రి, పక్క సీట్లో మాలో అదే మనిషి. బయట మళ్లీ 31 డిగ్రీలే, అది మా అదృష్టం.

టైము 2.7 నుంచి 3.0 మధ్య, సగటు 2.82. పాతదానికీ దీనికీ తేడా 0.03 సెకను. కానీ ఏమీ మార్చకుండా నడిపినా ఒకసారికీ ఇంకోసారికీ 0.3 తేడా వస్తోంది. సంతలో అటూ ఇటూ ఊగే తక్కెడలో అల్లం తూచి, గ్రాము ఎక్కువొచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా? ఇదీ అంతే. పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం.

వేడి కదిలేటప్పుడు 37, అంటే దాదాపు ముందులాగే. నిలబెట్టి ఉంచితే మాత్రం 61. పాత డబ్బాతో 48 ఉండేది. ప్లాస్టిక్ డబ్బా నాలుగు వైపులా మూసుంటుంది, కొత్తదానికి రేకు గోడ ఉన్నా ఇంజిన్ వేడి చుట్టూ తిరిగి వచ్చేస్తోంది. 13 డిగ్రీలంటే 4 శాతం గాలి తక్కువ. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినప్పుడు మొదటి ఒకటి రెండు నిమిషాలు ఈ కారు పాతదానికన్నా బలహీనం. చల్లగాలి కిట్ వేడిగాలి పీలుస్తోంది!

నీళ్ల తేడా 25 నుంచి 15కి తగ్గింది. అంటే గాలి సులువుగా పోతున్న మాట అబద్ధం కాదు. 10 సెంటీమీటర్లంటే దాదాపు 1 శాతం. 400లో 4 హార్స్ పవర్, అది కూడా ఇంజిన్ గట్టిగా తిరిగేటప్పుడు మాత్రమే.

మంచి కాగితం మీద ఇవన్నీ రాశాం. కింద నాలుగు ముక్కలు: సౌండ్ బాగా పెరిగింది. పవర్ మహా అయితే 4, మా కొలతకి అందనంత తక్కువ. ఆగి ఉన్నప్పుడు గాలి వేడెక్కుతోంది, రేకు గోడ సందులు మూయాలి. పాత డబ్బా పారేయకండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకి తేడాగా బండిని మార్చడం కుదరదు, ఎప్పుడైనా వెనక్కి పెట్టాల్సి రావచ్చు.

షెడ్డు ఓనరు చదివి కాగితం టేబుల్ మీద పడేశాడు. "ఇలా రాసిస్తే ఇంకెవడైనా నా దగ్గర కిట్లు బిగిస్తాడా? 18 పెరిగిందని రాయండి. ఎవడు కొలిచి చూస్తాడు?" అన్నాడు. తర్వాత మెల్లగా, "మీ ఇంటర్న్‌షిప్ కాగితం కూడా నేనే కదా రాయాలి" అన్నాడు.

ఆ రాత్రి రేకుల గదిలో నిద్ర పట్టలేదు. మాలో మేమే వాదించుకున్నాం. ఒకడు "రాసేద్దాంరా, లక్ష పెట్టినోడికి పోయేదేటి, మనకి మార్కులు పోతాయి" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఇంకొకడు "రేపు ఏ పనిలో కెళ్లినా మన కొలత ఎవడు నమ్ముతాడు" అన్నాడు. అదీ నిజమే. మూడోవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల నాన్న కాఫీ గింజలు అమ్మినప్పుడు కాటాలో ప్రతిసారీ రెండు కేజీలు పోతుంటే చిన్నప్పుడు తను పక్కనే నిలబడి చూసిన సంగతి చెప్పాడు. "అప్పుడు నాకు ముల్లు చదవడం రాదు. ఇప్పుడొచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఇంక వాదన జరగలేదు.

పొద్దున్న ఓనరుకి చెప్పాం. "అన్నా, మీరు వేరే ఎవరితోనైనా రాయించుకోండి. మేం మాత్రం 18 రాయలేం." ఆయన తిట్టలేదు, అదే ఇంకా భయమేసింది. ఏ కాగితమూ ఇవ్వకుండా బండి అప్పజెప్పేద్దామనుకున్నాడు. కానీ కారు ఓనరు వచ్చి తాళాలు తీసుకుంటూ తిన్నగా మా దగ్గరకొచ్చి "ఏం తమ్ముళ్లూ, ఎంత పెరిగింది?" అన్నాడు.

షెడ్డు ఓనరు మా వైపే చూస్తున్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పెదబయలువాడు "సార్, సౌండ్ చాలా పెరిగింది. పవర్ నాలుగు పెరిగితే గొప్ప" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. నకలు రాసి పెట్టుకున్నాడని మాకూ తెలీదు.

ఆయన నిలబడే మొత్తం చదివాడు. సెలైన్ పైపు బొమ్మ చూసి ఇదేంటని అడిగాడు, చెప్పాం. కాసేపాగి "లక్ష పోసి హారన్ కొనుక్కున్నానన్నమాట" అన్నాడు. మేం ఏమీ అనలేదు. "పర్లేదు, సౌండ్ నాకు నచ్చింది. ఆ సందులు మూసేయండి" అని ఆ పని మాకే చెప్పాడు. పందెం మాత్రం ఓడిపోయాడనుకుంటా.

సినిమాలో అయితే ఇక్కడ ఆయన మాకు ఉద్యోగం ఇవ్వాలి. అలాంటిదేమీ జరగలేదు. సందులు మూశాం, నిలబెట్టినప్పుడు వేడి 61 నుంచి 54కి తగ్గింది. ఆయన వెళ్లిపోయాడు. షెడ్డు ఓనరు 40 రోజుల కూలి లెక్కగా ఇచ్చాడు, కోసిన 2,400 ఇవ్వలేదు, ఇంటర్న్‌షిప్ కాగితం కూడా ఇవ్వలేదు. కాలేజీలో సారుకి ఉన్నదున్నట్టు చెప్పి, మా రీడింగుల పుస్తకం చూపించాం. ఆయన దాన్ని చిన్న ప్రాజెక్టు కింద తీసుకుంటానన్నాడు, కానీ ఇంటర్న్‌షిప్ మార్కులు ఇంకా తేలలేదు. ఏమవుతుందో చూడాలి.

మేం వచ్చేసే రోజు మేస్త్రి టీ తాగించాడు. "ఆ నీళ్ల గొట్టం నాకొదిలేసి ఎల్లండిరా" అన్నాడు. చెక్కతో సహా ఇచ్చేశాం. ముప్పయ్యేళ్లు చెవితో ఇంజిన్లు చూసిన మనిషి మా సెలైన్ పైపు అడిగి తీసుకోవడం, మాకు ఆ కాగితం రాకపోయిన బాధ సగం తగ్గించింది. సగమే.

ఇప్పుడు అసలు సంగతి. సెలవుల చివర ఊరెళ్లాం. పాడేరు నుంచి ఎక్కిన సర్వీసు జీపు ఎత్తులో నల్లగా పొగ వదులుతూ మూలుగుతోంది. డ్రైవరన్న "ఇంజిన్ పనికొచ్చింది, ముప్పై వేలు అడుగుతున్నారు" అన్నాడు. దిగాక ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూపించమన్నాం. లోపల ఫిల్టర్ కాదు, మట్టి ఇటుక ఉంది. మన రోడ్ల ఎర్రదుమ్ము మడతలన్నింటిలో గట్టిగా పేరుకుపోయింది. ఎప్పుడు మార్చారన్నా అంటే గుర్తు లేదన్నాడు. సంతరోజు కొత్తది తెచ్చి వేశాం, కొన్ని వందల్లో అయిపోయింది. పొగ బాగా తగ్గింది, ఎత్తులో ఒక గేరు పైన లాగుతోందని ఆయనే చెప్పాడు. శుభ్రమైన ఫిల్టర్ ఉన్న కారుకి లక్ష పెట్టినా నాలుగే పెరిగింది. దుమ్ము మూసేసిన జీపుకి కొన్ని వందలతో ఊపిరి వచ్చింది.

అందుకని మీ ఊళ్లో జీపు, ఆటో, ట్రాక్టర్ ఉన్నవాళ్లకి ఇవి చెప్పండి.

నల్లపొగ వస్తే ఇంజిన్ విప్పేముందు ఫిల్టర్ తెరిచి చూడండి. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడక్కండి. దులపాలంటే నేల మీద మెల్లగా తట్టండి, గాలి కొట్టాలంటే తక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటికి కొట్టండి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. నల్లగా మూసుకుపోయినా, చిరిగినా మార్చేయండి. ఫిల్టర్ తీసేసి మాత్రం నడపకండి, దుమ్ము సిలిండరు గోడల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. గొట్టం క్లాంపు బిగించాక కింద వేలు పెట్టి చుట్టూ తడిమి చూడండి. ఈ ఆఖరి మాట కోసం మేం 2,400 కట్టాం.

ల్యాప్‌టాప్ కొన్నాం. పాతది, బ్యాటరీ నిలవదు, కానీ డ్రాయింగు నడుస్తుంది. ఈ పోస్టు దాంట్లోనే టైపు చేశాం. దసరా సెలవుల్లో మా మూడు మండలాల్లో సంతల దగ్గర జీపుల, ఆటోల ఫిల్టర్లు చూద్దామనుకుంటున్నాం. డబ్బులేమీ తీసుకోం, కొత్త ఫిల్టర్ ఖర్చు మాత్రం బండివాళ్లదే. ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ ఎవరు చదువుతున్నా రావచ్చు, చెల్లెళ్లు కూడా. వచ్చేవాళ్లు మీ మండలం పేరు కింద రాయండి. స్క్రూడ్రైవర్, గుడ్డ తెచ్చుకోండి. అగరబత్తి మేం తెస్తాం.

జోహార్.